పరామర్శకి వెళ్లిన నేరం

జబ్బు మనిషిని చూడటానికి పళ్లు పట్టుకుని వెళ్లినందుకు ఈ ఇంట్లో నన్ను దోషిని చేశారు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. జరిగింది అదే.

పొద్దున నేను వంటింట్లోకి వచ్చేసరికి మరదలు స్టవ్ దగ్గర నిలబడి ఉంది. డ్యూటీ బట్టలు వేసుకోలేదు. ఆస్పత్రిలో నర్సు ఆమె. ఈ రోజుకి రావద్దన్నారట. నా కూతురు బల్ల దగ్గర కూర్చుని ఉంది. దాని మెడలో బ్యాడ్జి లేదు. నిన్న సాయంత్రం ఆస్పత్రివాళ్లు తీసేసుకున్నారు.

"మీ నాన్నని అడుగు, టీ తాగుతారేమో," అంది మరదలు పిల్లతో.

నేను ఆమెకు మూరెడు దూరంలో ఉన్నాను.

"తాగుతానని చెప్పు మీ పిన్నికి," అన్నాను.

పిల్ల ఇద్దరివైపూ చూడలేదు. టీ వచ్చింది. అందులో చక్కెర లేదు. అడగాలంటే మళ్లీ పిల్ల ద్వారా అడగాలి. అడగకుండా తాగాను.

పిల్లది డాక్టరు చదువు. ఆ చదువులో కొన్నాళ్లు పరాయి దేశపు ఆస్పత్రిలో ఒక పెద్ద డాక్టరు వెనక తిరగాలట. షాడోయింగ్ అంటారు. నీడలా వెంట ఉండటం. రోగి మీద చెయ్యి వెయ్యకూడదు, అడగందే నోరు విప్పకూడదు. చూడటమే చదువు. ఈ అవకాశం ఇప్పించింది మరదలే. పిల్లని ఒంటరిగా పంపనని నేను వెంట వచ్చాను. వాళ్లమ్మ ఉంటే ఆవిడ వచ్చేది.

వచ్చిన దగ్గర్నుంచి ఈ అపార్ట్‌మెంటులో ఉన్నాను. తలుపు లాగితే దానంతటదే తాళం పడుతుంది. కిటికీ జానెడు మించి తెరుచుకోదు. మనుషులు దూకకుండా అలా పెట్టారట. ఆ మాట చెప్పేదాకా నాకు దూకాలన్న ఆలోచన లేదు.

ఈ భవనంలోనే కింద, వీధి వైపు, ఒక టైలరు కొట్టు ఉంది. టైలరు మన భాషవాడు. ఈ దేశంలో బయటివాళ్లలో నేను మాట్లాడగలిగింది ఆయన ఒక్కడితోనే. మిషను పక్కన ఒక స్టూలు ఉండేది. ఆయన కుడుతుంటే నేను దాని మీద కూర్చుని మాట్లాడేవాణ్ణి. ఆయన బాగా వింటాడు. నోటి నిండా గుండుసూదులు పెట్టుకుంటే ఎవరైనా బాగానే వింటారు.

తర్వాత వారానికి ఒక పూట కొట్టు మూసెయ్యడం మొదలుపెట్టాడు. అడిగితే గుడ్డ కొనడానికి వెళ్లానన్నాడు. కొత్త గుడ్డ ఎక్కడా కనిపించలేదు. నేనంటే విసుగొచ్చిందనుకున్నాను. అన్నాల దగ్గర ఆ మాటే అన్నాను. మొహం చాటేస్తున్నాడని, నాలుగు కోట్లు కుట్టేసరికి కళ్లు నెత్తికెక్కాయని, తింటున్నంతసేపూ అన్నాను.

"నాన్నా, ఆయన్ని తిట్టకు. ఆయనకి ఒంట్లో బాగోలేదు," అంది పిల్ల.

అది అన్నది అంతే. మిగతాది నేను అడిగి రాబట్టాను. రక్తంలో ఏదో జబ్బు. వారం వారం ఆస్పత్రికి వెళ్లి చేతికి సూది పెట్టించుకుని మందు ఎక్కించుకుని వస్తున్నాడు. మా పిల్ల నిలబడే వార్డు అదే.

మర్నాడు పళ్లు కొని, పక్క భవనంలో ఉన్న టైలరు ఇంటికి వెళ్లాను. ఆయన లేడు. భార్య తలుపు తీసింది. "మా అమ్మాయి ఆస్పత్రిలో చూసిందట చెల్లెమ్మా, ఇప్పుడెలా ఉంది ఆయనకి?" అని సంచీ ఆమె చేతిలో పెట్టాను.

ఆమెకు తెలియదు. కట్టుకున్నవాడు ఆమెకు చెప్పలేదు.

ఆమె నేరుగా ఆస్పత్రికి వెళ్లింది. ఆయన ఒప్పుకోకపోతే భార్యకైనా చెప్పం అన్నారట వాళ్లు. పక్కింటి ముసలాయనకి చెప్పారు, నాకు చెప్పరా అని ఆమె కౌంటరు దగ్గర నిలబడి అడిగింది. ఆ మాటతో అక్కడున్న తలలన్నీ పైకి లేచాయి.

ఇదీ నా నేరం.

మరదలు చాలాసేపు గిన్నెలతో మాట్లాడింది. చివరికి నావైపు తిరిగింది.

"బావా, మధ్యాహ్నం మిమ్మల్ని కూడా పిలుస్తారు. ఎలా తెలిసిందని అడుగుతారు. ఆ మధ్య పిల్లకి క్యారేజీ తీసుకుని ఆస్పత్రి గేటు దాకా వచ్చారు కదా. అప్పుడు టైలరు లోపలికి వెళ్తుంటే చూశానని చెప్పండి."

"చూడలేదు."

"చూడలేదని నాకూ తెలుసు."

"చూడందాన్ని చూశానని ఎందుకంటాను?"

అప్పుడు ఆమె వరసగా చెప్పుకొచ్చింది. రోగి గుట్టు బయటపెట్టిందన్న మాట డాక్టరు చదువులో దొంగతనం కన్నా పెద్దదట. ఇక్కడ్నుంచి వెనక్కి పంపేస్తే ఆ మచ్చ అక్కడి కాలేజీ దాకా వెళ్తుందట. పిల్లకి హామీ ఉన్నది తను కాబట్టి తన ఉద్యోగానికీ ఎసరే. నేను గేటు దగ్గర చూశానంటే అంతా అక్కడితో ఆగిపోతుంది. నేను కథలేవీ అల్లాల్సిన పని కూడా లేదట, ఒక్క మాట అంటే చాలట.

మా ఊళ్లో జబ్బు మనిషిని చూడటానికి వెళ్లకపోతే తప్పు అన్నాను. ఇక్కడ వెళ్తే తప్పు అంది. తప్పు మీ ఊరిది కాదు, ఈ ఊరిదీ కాదు, మీ నోటిది అంది.

"పెదవి దాటితే పృథివి దాటుతుందని మనవాళ్లే కదా బావా అన్నారు. మా అక్క మీతో ఎలా వేగిందో."

నేను గ్లాసు కడిగి బోర్లించాను. చనిపోయిన మనిషిని వంటింటి తగాదాలోకి లాగడం ఆమెకు అలవాటు. దానికి నేను జవాబు చెప్పను.

తోడల్లుడు గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నాడు. ఆయన బస్సు నడుపుతాడు. డ్రైవరుతో మాట్లాడరాదు అన్న బోర్డు కింద కూర్చుని కూర్చుని ఇంట్లో కూడా మాట మానేశాడు. ఆ రోజు మాత్రం అన్నాడు.

"అన్నయ్యా, మలుపు దగ్గర స్టీరింగు కాస్త తిప్పాలి. తిన్నగానే పోతానంటే ఎదురుగా గోడ ఉంటుంది."

ఆ మాట అని డ్యూటీకి వెళ్లిపోయాడు. తలుపు వెనక తాళం పడింది.

పిల్ల గదిలో మంచం పక్కన నిలబడి ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని ఉంది. వార్డులో అలా నిలబడటం నేర్చుకుంది. మొదట్లో వార్డులో ఒక ముసలామె పడుకున్న మంచం అంచున పిల్ల కూర్చుని దుప్పటి సర్దింది. ఆ ముసలామె దగ్గర మనిషి అన్నవాళ్లు ఎవరూ లేరు. ఇక్కడ రోగి దగ్గర ఎవరూ ఉండరు. మంచం మీద కూర్చోకూడదని అక్కడి నర్సు ఒకామె లేపింది. అప్పట్నుంచి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంటుంది. ఇంట్లో కూడా.

పెద్ద డాక్టరమ్మని ఇక్కడ పేరు పెట్టి పిలవాలట. పిల్లకి నోరు రాలేదు. పిలవాల్సి వస్తే దగ్గేది. డాక్టరమ్మ దానికి జలుబు చేసిందనుకుని మాస్కు ఇచ్చింది. ఆవిడ గదిలోకి వస్తే పిల్ల లేచి నిలబడేది. తన వెనక ఎవరొచ్చారా అని ఆవిడ తిరిగి చూసేది. ఇవన్నీ అది నవ్వుతూ చెప్పేది. నవ్వుతూ చెప్పిన రోజుల్లోనే బాత్రూములో నీళ్లు వదిలి ఏడ్చేదని నాకు తెలుసు. ఈ ఇంట్లో గోడలు పలచన.

"టైలరుగారు నన్నేమన్నారో తెలుసా నాన్నా?" అంది.

నేను కూర్చున్నాను.

"ప్రతి మంచం దగ్గరా డాక్టరు ముందు అడుగుతుంది, ఒక స్టూడెంటు ఉంది, ఉండనివ్వమంటారా అని. వద్దంటే నేను తెర బయటికి వచ్చేయాలి. చాలామంది వద్దంటారు. ఆయన వద్దనలేదు. ఉండనివ్వండి, మా మనిషే అన్నారు. తర్వాత మన భాషలో, నాకు మాత్రం అర్థమయ్యేలా, ఇంట్లో చెప్పకమ్మా అన్నారు. సరే బాబాయ్‌గారూ అన్నాను."

"సరే అన్నదానివి ఎందుకు చెప్పావు?"

"నువ్వు తిడుతుంటే వినలేకపోయాను."

"అంటే తప్పు నాదన్నమాట."

"అనలేదు."

"అన్నట్టే ఉంది."

కింద వీధిలో ఎవరో కారు తలుపు వేశారు. జానెడు కిటికీలోంచి కూడా అది బాగానే వినిపించింది.

"నేను ఉన్నదే చెప్తాను అక్కడ," అన్నాను.

"చెప్పు. కాని నువ్వు చెప్పాలనుకుంటున్నది నిజం కోసం కాదు నాన్నా. నన్ను పంపించేస్తే నువ్వు కూడా ఇంటికి వెళ్లిపోవచ్చు."

ఆ సంగతి నాకు తట్టలేదని అనను. లేచిన దగ్గర్నుంచి తడుతూనే ఉంది. నా గుమ్మం, నా తాళం, ఎవర్నీ అడక్కుండా చెప్పులు వేసుకుని బయటికి పోవడం. పలకరిస్తే మాట తిరిగి వచ్చే వీధి. ఒక్క నిజం చెబితే ఇవన్నీ దొరుకుతాయి. నిజానికి ఇంత లాభం ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

"నేను కూడా పోదామనే అనుకునేదాన్ని," అంది పిల్ల. "ఇప్పుడు కాదు. ఇప్పుడు నాకు అక్కడ నిలబడటం వచ్చింది. డాక్టరు రోగి మొహం చూసే లోపల నేను రోగి కాళ్లు చూస్తున్నాను. వాచాయా లేదా అని. మొన్న నేను చెప్పింది నిజమైంది. నాకు ఉండాలని ఉంది నాన్నా."

"నిన్ను అడిగితే ఏం చెప్తావు?"

"తెలియదు," అంది.

మరదలు స్నానానికి వెళ్లినప్పుడు తలుపు తీసుకుని కిందికి దిగాను. కొట్టు షట్టరు సగం ఎత్తి ఉంది. వంగి లోపలికి వెళ్లాను. టైలరు ఎవరిదో కోటుకి అస్తరు వేస్తున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. కూర్చోమనలేదు. స్టూలు మీద గుడ్డల మూట ఉంది. తీయలేదు.

మనిషి చిక్కాడు. ఇన్నాళ్లూ ఎదురుగా కూర్చుని నేను ఆ సంగతి చూడలేదు. చూడలేదంటే, మనిషి తన సంగతి తాను చెప్పుకోవాలి. అడిగితే గుడ్డ అన్నాడు కాని జబ్బు అనలేదు.

"మీరు దాచకపోతే ఇదంతా ఉండేది కాదు," అన్నాను.

ఆయన నోట్లో గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేశాడు.

"తెలిసిన రోజు నుంచి ఇంట్లో నేను రోగిని అయిపోతానని తెలుసండి. అయిపోయాను. నిన్నట్నుంచి మా ఆవిడ నన్ను సూది ముట్టుకోనివ్వడం లేదు. రాత్రంతా ఏడ్చి ఇప్పుడే కాస్త కునుకు తీస్తోంది. అందుకని ఇలా వచ్చాను. దొంగతనంగా."

నేను నిలబడే ఉన్నాను.

"ఆస్పత్రివాళ్లు నాకు ఫోన్ చేశారు," అన్నాడు. "ఫిర్యాదు ఇస్తారా అన్నారు. ఇవ్వనన్నాను. నా సంగతి మీకు నేనే చెప్పానని వాళ్లతో అన్నాను."

"మీరు చెప్పలేదు."

"చెప్పలేదు. మీరు కాదనకండి, అది చాలు. మనిద్దరి మాటా కలిస్తే పిల్ల ఈ గండం నుంచి బయటపడుతుంది."

"నాకోసం అబద్ధం ఆడమని నేను మిమ్మల్ని అడగలేదు."

"మీకోసం కాదు," అన్నాడు. కోటు తిరగేసి కుట్టు చూసుకున్నాడు. "సూది గుచ్చేటప్పుడు నేను అటు చూడలేను. వింతే కదా, సూదితో బతికేవాణ్ణి. పక్కకి తిరిగితే మీ అమ్మాయి కనిపించేది. చెయ్యి పట్టుకోకూడదట. పట్టుకోలేదు. నిలబడింది. అంతే, కదలకుండా నిలబడింది."

నేను షట్టరు కింద వంగబోతుంటే వెనక నుంచి అన్నాడు.

"మీరిక రాకండి. కోపం కాదు. మిమ్మల్ని చూస్తే మా ఆవిడ మళ్లీ మొదలుపెడుతుంది."

ఉన్న ఒక్క స్టూలూ పోయింది.

పైకి వెళ్లి బెల్లు కొట్టాను. మరదలు తడి జుట్టుతో తలుపు తీసింది. ఎక్కడికి వెళ్లానని అడగలేదు. టైలరు చెప్పింది నేను చెప్పలేదు. పిల్లకి కూడా చెప్పలేదు. చెబితే వాళ్లు సంతోషిస్తారు. పొద్దున నాకు చక్కెర లేని టీ ఇచ్చినవాళ్లకి మధ్యాహ్నం సంతోషం ఇవ్వాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

ఆస్పత్రికి ముగ్గురం బస్సులో వెళ్లాం. ఎవరి సీటులో వాళ్లు కూర్చున్నాం. నిన్నటి దాకా బ్యాడ్జి ఆనిస్తే తెరుచుకున్న తలుపు పిల్లకి ఈరోజు తెరుచుకోలేదు. అది అలవాటుగా చెయ్యి మెడ దగ్గరికి తీసుకెళ్లి దించేసుకుంది. ఎవరో లోపలివాళ్లు వచ్చి తీశారు. పొడుగాటి వరండా. నేల అద్దంలా ఉంది. కుర్చీలన్నీ ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉన్నాయి. పక్కకి జరుగుదామన్నా జరగవు.

ముందు నన్ను పిలిచారు.

గదిలో ఇద్దరు ఆడవాళ్లు. ఒకావిడ వార్డుకి పెద్ద. రెండో ఆవిడ పిల్ల చెప్పే డాక్టరమ్మ. వాళ్ల మొహాల్లో కోపం లేదు. కోపాన్ని ఎదుర్కోవడం నాకు తెలుసు. మర్యాదగా కుర్చీ చూపించి మంచినీళ్లు ఇస్తే ఏం చెయ్యాలో తెలియదు. బల్ల మీద ఫోను ఉంది. అందులోంచి మన భాషలో ఒక ఆడపిల్ల మాట్లాడింది.

"నమస్తే సార్. మీ మాటలు వాళ్లకి, వాళ్ల మాటలు మీకు చెప్తానండి. నా మాటలేవీ కలపను."

ఈ దేశంలో నన్ను సార్ అన్న మొదటి మనిషి ఆమె. ఆమెకు మొహం లేదు.

వార్డు పెద్ద ఏదో అడిగింది. ఫోను చెప్పింది.

"ఆ పేషెంటు జబ్బు సంగతి మీకు ఎవరు చెప్పారో అడుగుతున్నారండి."

మా అమ్మాయి. రెండే మాటలు. నాలిక చివరన ఉన్నాయి. ఆ రెండు మాటలకి అవతల నా ఇల్లు ఉంది. డాక్టరమ్మ నా మొహం చూడటం లేదు. బల్ల కింద నా కాళ్లు చూస్తోంది. వాచి ఉన్నాయి. మరదలు ఎన్నడూ చూడలేదు. పిల్ల చూసిందో లేదో నాకు తెలియదు.

"ఆయనే చెప్పాడు," అన్నాను.

"పేషెంటే చెప్పారా అండి?"

"ఆయనే."

"మీ అమ్మాయి ఇంట్లో ఏమీ చెప్పలేదా అని అడుగుతున్నారండి."

"మా ఇంట్లో నాకు ఎవరూ ఏమీ చెప్పరు."

ఫోను ఆ మాటని అటు చేరవేసింది. వాళ్లిద్దరూ తలలు ఊపారు. వార్డు పెద్ద లేచి నా కోసం తలుపు తీసి పట్టుకుంది. నా జీవితంలో నేనాడిన మొదటి అబద్ధం అది. ఎవరూ గుర్తుపట్టలేదు.

గుమ్మం దగ్గర పిల్ల ఎదురుపడింది. లోపలికి దాన్ని పిలిచారు. అది నా మొహంలోకి చూసింది. ఒక్క మాట అనుంటే సరిపోయేది. టైలరే నాకు చెప్పాడని చెప్పు, అంటే చాలు. నేను పక్కకి తప్పుకుని దారిచ్చాను. తలుపు పడింది.

వరండాలో మరదలు అడిగింది, ఏం చెప్పారు బావా అని. అడగొద్దన్నాను. ఆమె రెండు చేతులతో మొహం మూసుకుంది. మూసుకోనీ అనుకున్నాను. వాళ్ల అక్క పేరెత్తినప్పుడు ఆ చెయ్యి నోటికి అడ్డం రాలేదు.

పిల్ల చాలాసేపటికి బయటికి వచ్చింది. బస్టాపు బెంచీ మీద కూర్చున్నాక అంది.

"చెప్పేశాను నాన్నా."

"ఏమని?"

"ఉన్నదున్నట్టు. నీకు నేనే చెప్పానని."

మరదలు బెంచీ అంచు పట్టుకుంది.

"పిన్ని చెప్పినట్టు గేటు మాటే చెప్దామని లోపలికి వెళ్లాను," అంది పిల్ల. "గుమ్మంలో నీ మొహం చూశాను. నువ్వు నిజం చెప్పేశావని అర్థమైంది. నువ్వు అబద్ధం ఆడవు కదా. నేను వేరేగా చెబితే నువ్వు అబద్ధాలకోరువి అవుతావు. అది నావల్ల కాలేదు."

ఎండ నేరుగా మొహాన పడుతోంది. నేను జరగలేదు.

"వాళ్లేమన్నారే?" అని మరదలు అడిగింది.

"పిన్నీ, ముందు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. తర్వాత డాక్టరు, మేం విన్నది వేరు అంది. టైలరుగారితో మళ్లీ మాట్లాడాలట. రేపు నీకు ఫోన్ చేస్తామన్నారు, నన్ను ఉంచేదీ పంపేదీ." అని నావైపు తిరిగింది. "విన్నది వేరు అంటే ఏంటి నాన్నా? నువ్వేం చెప్పావు?"

మరదలు మెల్లగా తల ఎత్తి నన్ను చూసింది. ఆమెకు అర్థమవుతోంది. పిల్లకి ఇంకా కాలేదు.

"ఈ సంగతి ఇంక నా దగ్గర ఎత్తకండి," అన్నాను. "రేపు ఫోన్ వచ్చినా సరే, రాకపోయినా సరే."

"నాన్నా, ఒక్క మాట..."

"ఎత్తొద్దన్నాను."

బస్సు వచ్చింది. ఎక్కాం. పిల్ల నా పక్కనే కూర్చుని మళ్లీ అడిగింది. మరదలు ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, అది కాదు బావా, అని మొదలుపెట్టింది. నేను కిటికీలోంచి చూశాను. ఆ గదిలో నేను అన్నది ఇక్కడ రాశాను, రాయక తప్పలేదు కాబట్టి. నోటితో మాత్రం చెప్పను. వీళ్లకి చెప్పను, టైలరుకి చెప్పను. నా కూతురు ఎన్నిసార్లు అడిగినా, ఏమైపోయినా, బతికున్నన్నాళ్లూ దానికి చెప్పను.